ఏటేటా ప్రతిష్ఠించుకునే విశ్వాసి: ఒక సంఘకాపరి కేస్ స్టడీ

ఈ కేసును సంబంధిత కుటుంబం అనుమతితో, వారు ఒకసారి చదివి చూసిన తర్వాత ప్రకటిస్తున్నాను. ఊరి పేరు, సంఘం పేరు, వయసు, చెరువుల విస్తీర్ణం వంటి ఆనవాళ్లను తీసివేశాను లేదా మార్చాను. భక్తి జీవితంలో క్రమం నిలవడం లేదని వచ్చే విశ్వాసికి మనం సాధారణంగా చెప్పేది ఇంకాస్త గట్టిగా ప్రయత్నించమనే. ఆ మాట చెప్పకుండా ఉండడమే మంచిదని తేలిన సందర్భం కనుక, డెల్టా శివారు గ్రామాల్లో సేవ చేసే తోటి కాపరులకు పనికొస్తుందన్న ఆశతో కొంత వివరంగానే రాస్తున్నాను.

నేపథ్యం

ఆయన నలభై దాటిన మనిషి. తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. సండే స్కూల్లో కంఠత వాక్యాలు నేర్చుకొని, యౌవనంలో బాప్తిస్మం పొంది, పెళ్లయ్యాక కొంతకాలం సంఘంలో కానుకల లెక్కలు కూడా చూశారు. తండ్రి వరి రైతు. వనామీ రొయ్యల సాగు మా వైపు విస్తరించిన తర్వాత ఆయన సొంత పొలాన్ని, దాని పక్కనే లీజుకు తీసుకున్న మరికొంత పొలాన్ని చెరువులుగా తవ్వించారు. పంట నడిచే మూడు నాలుగు నెలలూ రాత్రులు చెరువు గట్టు మీది మకాంలోనే గడుపుతారు. భార్య, ఇద్దరు పిల్లలు ఊళ్లో ఇంటి దగ్గర ఉంటారు. తాగుడు లేదు, పేకాట లేదు. ఊళ్లో మాట పోయిన మనిషి కాదు.

ఆయన తెచ్చిన సమస్య

సంక్రాంతి వెళ్లాక మా ప్రాంతంలో సువార్త మహాసభలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. చివరి రాత్రి ప్రసంగీకుడు సంపూర్ణ సమర్పణకు పిలుపు ఇవ్వగానే లేచి ముందుకు వెళ్లేవారిలో ఈ సోదరుడు ఏటా ఉండేవారు. కన్నీళ్లతో మోకరించేవారు. మర్నాటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట ప్రార్థన, రోజుకు పది అధ్యాయాల పఠనం, శుక్రవారం ఉపవాసం, ఇంట్లో టీవీ బంద్. మూడు నాలుగు వారాలు అలా గడిచాక ఒక రోజు తప్పేది, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత బైబిలు మకాం గూట్లోనే ఉండిపోయేది. అప్పుడు ఆరాధనకు ఆలస్యంగా వచ్చి వెనక వరుసలో కూర్చొని, ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాలు పొందకుండానే వెళ్లిపోయేవారు. మళ్లీ సభల కాలం వచ్చేదాకా ఇంతే.

నా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన అడిగింది ఓదార్పు కాదు. "ఈసారి ఇంకా గట్టి నియమం పెట్టండి అయ్యగారూ. నలభై రోజుల ఉపవాసమైనా చేస్తాను. తప్పితే నన్ను బల్ల నుంచి ఆపేయండి" అన్నారు. వెంట వచ్చిన ఆయన భార్య మాట నాకు ఎక్కువ సమాచారం ఇచ్చింది. "ఈయన తీర్మానం చేసుకున్నారంటే ఇంట్లో మాకు భయమండి. మొదటి నెల మమ్మల్నందర్నీ పరిశుద్ధుల్ని చేసేస్తారు, రెండో నెల మాతో మాట్లాడరు" అన్నారు ఆవిడ. నియమం నిలిచినన్నాళ్లు ఇంటివారి మీద కఠినత్వం, నియమం తప్పాక మౌనం. ఈ రెండు దశల్లో ఏదీ మనం కోరుకునే పరిశుద్ధత ఫలం కాదు కనుక, ఆయన అడిగిన మరింత గట్టి నియమం ఇవ్వడానికి నేను తొందరపడలేదు.

అంతకుముందు విన్న హితవు

ఆయన్ను అంతకుముందు మందలించిన దైవసేవకులందరూ చెప్పింది దాదాపు ఒకటే: రొయ్యల కోసం అర్ధరాత్రి లేచేవాడివి, ప్రభువు కోసం లేవలేవా? వేదిక మీద ఈ మాట బాగా పండుతుంది. వినేవారు తల దించుకుంటారు. ఆయన కూడా ప్రతిసారీ తల దించుకున్నారు, ప్రతిసారీ మళ్లీ తప్పారు. అది ఎందుకు పనిచేయలేదో తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదనుకొని ఒక సాయంత్రం మకాం దగ్గరకు వెళ్లి ఆయన పని చూశాను.

పగలు చెరువు నీటిలోని సూక్ష్మమైన మొక్కలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రయితే అవి కూడా రొయ్యలతోపాటు ఆ ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి, సూర్యోదయానికి ముందు అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగజారుతుంటే రైతు నిశ్చింతగా కూర్చోలేడు. ఆ వేళ కరెంటు పోతే వెంటనే జనరేటరు వేసి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్య గట్టువారకు వచ్చి తేలుతుంది. ఆయన ప్రార్థనకు ఎంచుకున్న నాలుగు గంటలు సరిగ్గా చెరువు ప్రాణం మీదికి వచ్చే వేళ. మోకాళ్ల మీద ఉన్నా చెవి ఏరియేటర్ మోత మీదే ఉండేదని ఆయనే ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి ఆయన చెరువు పుస్తకం చూశాక అర్థమైంది. ఏ పూట ఎంత మేత వేసిందీ, రొయ్య మేత తింటోందో లేదో చూడడానికి నీటిలో దించే చెక్ ట్రేలో ఎంత మిగిలిందీ, పీహెచ్ ఎంత, ఆక్సిజన్ ఎంత, అన్నీ తేదీల వారీగా రాసి ఉన్నాయి. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఈ మనిషికి క్రమశిక్షణ లేదనడం అబద్ధం. చెరువు పనిలో చిన్న తప్పు జరిగినా తెల్లవారేసరికి చెరువే చెప్పేస్తుంది. ప్రార్థన తప్పిన రోజు మాత్రం ఏమీ జరగదు. ఎండ కాస్తుంది, మేత బస్తా ధర మారదు, రొయ్య పెరుగుతుంది. జవాబు వెంటనే వచ్చే పనిలో చూపే శ్రద్ధను, జవాబు ఏళ్ల తరబడి కంటికి కనిపించని పనిలో చూపే శ్రద్ధ పక్కన పెట్టి మనిషిని సిగ్గుపరచడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ సిగ్గు ఆయన్ను మళ్లీ మళ్లీ సభావేదిక ముందుకు తీసుకెళ్లిందే తప్ప, గూట్లోని బైబిలు దగ్గరకు తీసుకెళ్లలేదు.

మొదటి ఏర్పాటు, దాని వైఫల్యం

ముందు నియమాన్ని ఆయన పనికి సరిపోయేలా మార్చాం. నాలుగింటి ప్రార్థన తీసివేశాం. ఉదయం మొదటి మేత వేసిన తర్వాత చెక్ ట్రేలు ఎత్తి చూసే దాకా గంటన్నర, రెండు గంటల వ్యవధి ఉంటుంది. అప్పటికి ఎండ వచ్చి ఆక్సిజన్ మళ్లీ పెరగడం మొదలవుతుంది కనుక మనసు స్థిమితంగా ఉంటుంది. ఆ వ్యవధిలో మకాంలోనే ఒక కీర్తన, సువార్తల్లో ఒక పేరా చదివి, మోకరించి ప్రార్థన చేయడం. అంతే. పది అధ్యాయాలు లేవు, ఉపవాసం కూడా ప్రస్తుతానికి లేదు.

"ఇది చిన్నపిల్లల నియమంలా ఉంది అయ్యగారూ" అని ఆయన చిన్నబుచ్చుకున్నారు. ఆయన దృష్టిలో సమర్పణ ఎంత కష్టంగా ఉంటే అంత నిజమైనది. నేను ఆరో శతాబ్దపు బెనెడిక్టు నియమావళిని ఉదాహరణగా చెప్పాను. ప్రొటెస్టెంట్ కాపరి సన్యాసుల పుస్తకం ఎందుకు ఎత్తాడని కొందరికి అనిపించవచ్చు. అయినా రోజుకు ఇన్ని వేళలని ప్రార్థనను కఠినంగా విభజించిన ఆ నియమావళే, 50వ అధ్యాయంలో, ప్రార్థనాలయానికి దూరంగా పనిచేసే సహోదరులు ఆ వేళకు పనిచేస్తున్న చోటే మోకరించి ప్రార్థించాలని చెబుతుంది. కఠినత్వానికి పేరుపడ్డవారు కూడా పనిని ప్రార్థనకు శత్రువుగా చూడలేదు. నరసాపురంలో పరిచర్య సాగించిన ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ ఇద్దరూ 1836లో ఈ దేశానికి రాకముందు చేతిపనులు చేసుకొని బతికినవారే. పనివాడి భక్తి మన ప్రాంతానికి కొత్త సంగతి కాదని చెప్పాక ఆయన అయిష్టంగా ఒప్పుకున్నారు.

ఆయన ఒంటరిగా ఉండకూడదని సంఘపెద్దల్లో ఒకరిని తోడుగా ఏర్పాటు చేశాం. ఆ పెద్దాయన ప్రతి శనివారం ఫోన్ చేసి, ఈ వారం క్రమం నిలిచిందా అని అడిగేవారు. కొన్ని వారాలు అంతా బాగుందనే సమాధానం వచ్చింది. బాగా లేదని ఆయన భార్య నాకు చెప్పారు. కారణం వెతకడం కష్టం కాలేదు. ఆ ప్రశ్నకు ఉన్నవి అవును, కాదు అనే రెండే జవాబులు. తండ్రి వయసున్న పెద్దమనిషికి శనివారం పూట కాదని చెప్పడం మన ఊళ్లలో ఎవరికీ సులువు కాదు. లెక్క అడిగే ఏర్పాటు ఆయన చేత అబద్ధం ఆడించింది. దాంతో పాత సిగ్గుకు కొత్త సిగ్గు తోడైంది, ఇంతలో సభల కాలం దగ్గరపడింది, ఈసారి ముందుకు వెళ్లి అంతా మళ్లీ మొదటి నుంచి ప్రతిష్ఠించుకుంటానని ఆయన నాకు కబురు పంపారు.

తీర్మానం వద్దన్న నిర్ణయం

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసి వచ్చిన నిర్ణయం ఇదే. ఆయన్ను సభలకు వెళ్లి వాక్యం వినమన్నాను. ముందుకు మాత్రం వెళ్లవద్దని, ఒక పంటకాలం పూర్తయ్యే వరకు దేవునికి కొత్త మాట ఏదీ ఇవ్వవద్దని చెప్పాను. తీర్మానం ఆయనలో ఏ పని చేస్తోందన్నది నా ప్రశ్న. ఏడాది పొడవునా పేరుకున్న అపరాధ భావమంతా ఆ ఒక్క రాత్రి కన్నీళ్లతో దిగిపోయేది. బరువు దిగింది కనుక ఆ బరువుకు కారణమేమిటని వెతకవలసిన అవసరం కనిపించేది కాదు. పశ్చాత్తాపానికి జరగవలసిన పనంతా తీర్మానమే చేసినట్టు అనిపించి, అసలు పని వాయిదా పడుతూ వచ్చింది. మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకొనకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం చెబుతుంది. ఆ మాట ఆయన ఎన్నోసార్లు చదివి ఉంటారు, తనకు వర్తింపజేసుకోలేదు.

సంఘపెద్దల్లో ఇద్దరికి ఇది నచ్చలేదు. సమర్పణ వద్దనే కాపరి ఎక్కడైనా ఉంటాడా, ఇది ప్రకటన గ్రంథం గద్దించిన లవొదికయ సంఘపు నులివెచ్చదనం కాదా అని అడిగారు. వారి భయంలో న్యాయం ఉంది. సమర్పణను మళ్లీ కొత్తగా చేసుకోవడం మంచి సంప్రదాయమే. 1755లో జాన్ వెస్లీ మెథడిస్టుల మధ్య నిబంధన ఆరాధన మొదలుపెట్టినది అందుకే. అయితే అక్కడ సంఘమంతా కలిసి ఒకే మాట ఇస్తుంది. ఒక్కొక్కరు ఆ రాత్రి ఉద్రేకంలో సొంతంగా కల్పించుకున్న నియమాలను దేవుని ముందు పెట్టడం వేరు. నేను ఆపింది సమర్పణను కాదు, సమర్పణ స్థానంలో కూర్చున్న అలవాటును అని చెప్పాను. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు.

శనివారం ఫోన్ కూడా ఆపివేశాం. దాని బదులు చెరువు పుస్తకం పక్కనే ఇంకో పుస్తకం పెట్టమన్నాను. క్రమం నిలిచిన రోజు ఏమీ రాయనవసరం లేదు. తప్పిన రోజు మాత్రం అంతకుముందు పగలు, రాత్రి ఏం జరిగిందో ఒక వాక్యం రాయాలి. ఎన్ని తప్పాయో ఎవరూ లెక్కపెట్టరు. నెలకోసారి ఇద్దరం కలిసి ఆ వాక్యాలు చదువుతాం. నిలిచిందా అన్న ప్రశ్నకు అబద్ధం చెప్పడం తేలిక. నిన్న రాత్రి ఏం జరిగిందన్న ప్రశ్నకు అబద్ధం రాయాలంటే కథ కల్పించాలి. చెరువు పుస్తకంలో ఒక్క అంకె కూడా కల్పించని మనిషి ఇందులో కథ కల్పించడని నమ్మాను.

పుస్తకం చెప్పిన సంగతి

మొదటి నెల వాక్యాలు చాలావరకు మామూలువే. నిద్ర, కరెంటు కోత, మేత లారీ ఆలస్యం, పిల్లవాడికి జ్వరం. ఇలాంటి కారణాలతో తప్పిన రోజులు ఒక్కటొక్కటిగా ఉన్నాయి, మర్నాడు క్రమం మళ్లీ మొదలైంది. వరుసగా నాలుగైదు రోజులు తప్పిన చోట్ల మాత్రం ముందు రోజు దగ్గర ఒకటే మాట ఉంది: రాత్రి నీళ్లు మార్చాం. రెండో నెలలోనూ అంతే. నేను ఏమీ వ్యాఖ్యానించకుండా ఆ పేజీలు ఆయన ముందు పెట్టి, నీళ్లు మార్చిన రాత్రికీ ప్రార్థనకూ ఏమిటి సంబంధం అని మాత్రం అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు.

చెరువు మురుగునీరు దూరంగా ఉన్న మురుగు కాలువలోకి పంపాలంటే పైపు వేయాలి, డీజిల్ ఖర్చు అవుతుంది. పక్కనే పొలాలకు సాగునీరు తెచ్చే పంట బోదె ఉంది. రాత్రిపూట మోటారు వేసి ఉప్పునీరు ఆ బోదెలోకి వదిలేసేవారు. బోదె కింద దాళ్వా (రెండో పంట) వరి వేసే ఒక కౌలు రైతు ఉన్నారు. శివారు భూములకు వేసవికి ముందే కాలువ నీరు చాలీచాలకుండా అందుతుంది; అలాంటప్పుడు ఉప్పునీరు కలిస్తే నారు దశలోనూ, పూత దశలోనూ వరి తట్టుకోలేదు. ఆ రైతుకు రెండు దాళ్వాలు దిగుబడి పడిపోయింది. పండినా పండకపోయినా భూమి యజమానికి మక్తా (కౌలు) బస్తాలు కొలవక తప్పలేదు. ఆయన మా మందిరానికి వచ్చే మనిషి కాదు, వరసకు ఈ సోదరుడికి బాబాయి అవుతారు.

"నీళ్లు వదిలిన మర్నాడు మోకరిస్తే బాబాయి చేనే గుర్తొస్తుంది అయ్యగారూ. అందుకే మోకరించను" అన్నారు. ఉపవాస దినాన కూడా మీ పనివారిని కష్టపెడుతున్నారని యెషయా 58వ అధ్యాయంలో ప్రభువు నిందించిన ప్రజలు కూడా అనుదినం ఆయనను వెదికినవారే, ఆయన మార్గాలు తెలిసికొన ఇచ్ఛ చూపినవారే. ఈ సోదరుడు ఏటా చేసే నియమాల్లో టీవీ ఉంది, అన్నం ఉంది, నిద్ర ఉంది. బోదె ఎప్పుడూ లేదు.

నష్టపరిహారం

ఇక్కడ ఆయన వెంటనే చేయాలనుకున్నది ఆదివారం సంఘం ఎదుట సాక్ష్యం చెప్పి ఒప్పుకోవడం. నేను ఆపాను. సాక్ష్యం చెబితే మళ్లీ కన్నీళ్లు, మళ్లీ బరువు దిగడం, చేను మాత్రం అలాగే ఉండడం. పాత దారే ఇంకో రూపంలో తెరుచుకునేది. మత్తయి 5లో ప్రభువు బలిపీఠం దగ్గర కానుక వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్న వరుసనే పాటిద్దామన్నాను: ముందు బాబాయి, తర్వాత బోదె, సంఘం చివర. డబ్బు ఎంతన్నది ఎవరు నిర్ణయించాలన్నది తర్వాతి ప్రశ్న. ఒకని పశువు వేరొకని చేను మేస్తే తన చేలోని మంచి దానిలో నుంచి ప్రతిగా ఇవ్వాలని నిర్గమకాండం 22:5 చెబుతుంది. చెరువు నీరు పశువు కాకపోయినా న్యాయం అదే కనుక, లెక్క నష్టపోయినవారి చేతిలోనే ఉండాలని నిశ్చయించాం.

నేను వెంట వెళ్లలేదు. కాపరి పక్కన ఉంటే ఆ రైతు మొహమాటపడి తక్కువ అడగవచ్చు. తర్వాత ఈ సోదరుడు చెప్పినదాని ప్రకారం బాబాయి అన్నది ఇదీ: "నీళ్లు నువ్వే వదులుతున్నావని నాకెప్పుడో తెలుసురా. కూర్చో, లెక్కేద్దాం." అంతకుముందు దాళ్వాల దిగుబడితో పోల్చి, తగ్గిన బస్తాలకు ఆ ఏటి ధర కట్టి, రెండు విడతలుగా ఇచ్చేలా ఒప్పుకున్నారు. క్షమించానని ఆయన అనలేదు. ఆ మాట అనిపించుకోవాలన్న ఆశ కూడా పెట్టుకోవద్దని ఈ సోదరుడికి ముందే చెప్పి ఉంచాను. ఆ తర్వాత చెరువు గట్టుకూ వరి చేనుకూ మధ్య ఊట నీరు పట్టే బోదె తవ్వించారు. మురుగునీటికి పైపు వేయించి మురుగు కాలువలోకి మళ్లించారు.

ఆ తర్వాత

ప్రతిఫలంగా పంట బాగా పండిందని రాయగలిగితే చదివేవారికి బాగుండేది. మరుసటి పంటకు వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తగిలి, అమ్మకపు సైజైన కౌంట్‌కు రాకముందే రొయ్య పట్టేయవలసి వచ్చింది. పరిహారం రెండో విడత అప్పు చేసి కట్టారు. నీతిగా నడుచుకుంటే ఆశీర్వాదం రావాలి కదా అని సంఘంలో కొందరు నన్నే అడిగారు. పన్ను వసూలుదారు జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న తర్వాత అతని వ్యాపారం ఏమైందో లూకా రాయలేదని గుర్తుచేశాను. ఆ నెల పుస్తకంలో తప్పిన రోజులు ఎక్కువే ఉన్నాయి. కారణాలు రాసి ఉన్నాయి, అన్నీ నిజమైనవే. వరుసగా వారం తప్పడం మాత్రం లేదు. ఈ కేసులో నేను గుర్తుగా తీసుకున్నది అదే: మనిషి పడడం ఆగిపోలేదు, పడిన మర్నాడే లేవడం మొదలైంది. బల్ల దగ్గరకు వస్తున్నారు. కుటుంబ ప్రార్థన ఇంకా కుదరలేదు, పంట లేని నెలల్లో మాత్రం జరుగుతోంది. ఆయన భార్యను అడిగితే, "ఇప్పుడు మమ్మల్ని పరిశుద్ధుల్ని చేయడం మానేశారండి" అన్నారు.

తోటి కాపరులకు

మన సంఘాల్లో క్రమశిక్షణ అంటే తాగుడు, సినిమా, ఆరాధనకు గైర్హాజరు వంటివే అడుగుతాం. నీరు, కూలి, గట్టు, కౌలు, తూకం మన ప్రశ్నల్లోకి రావు. డెల్టాలో మనుషులు ఒకరికొకరు అన్యాయం చేసుకునేది ఎక్కువగా వీటి దగ్గరే. విశ్వాసి సమర్పణ ఎంత లోతైనదో చూడాలంటే ఎన్ని గంటలు మోకరించాడన్నదాని కంటే, అతని బోదె కింద ఎవరి చేను ఉందో అడగడం మేలు.

ఇదే పద్ధతి అందరికీ వర్తించదు. ప్రార్థన నిలవకపోవడానికి అసలు కారణం మద్యం అయితే పుస్తకం చాలదు, వైద్యసహాయం కావాలి. దేని మీదా ఆసక్తి లేక, తిండి నిద్ర తగ్గి, వారాల తరబడి దిగులుగా ఉన్నవారి చేత తప్పిన రోజులు రాయిస్తే కీడే జరగవచ్చు. అలాంటివారిని ముందు వైద్యుని దగ్గరకు పంపాలి. రాత్రి కాపలా చేసేవారి విషయంలో మొదట నిద్ర గురించే అడగాలి. ఏలీయా బదరీచెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దూత మొదట పెట్టింది రొట్టె, నీళ్లు, తిరిగి నిద్ర.

రెండు పంటలు గడిచాక శుక్రవారం ఉపవాసం మళ్లీ మొదలుపెట్టవచ్చా అని ఆయన అడిగారు, మొదలుపెట్టమన్నాను. మురుగు కాలువ దాకా వేసిన పైపు ఖర్చులో పాలు పంచుకొమ్మని ఆ బోదె మీదే చెరువులున్న మరో ఇద్దరిని ఆయన అడిగారు. ఒకరు ఒప్పుకున్నారు. ఒప్పుకోని రెండో ఆయన మా సంఘ సభ్యుడు. ఆయనతో మాట్లాడవలసింది నేను.